తోయు కడ్డీ వాటము

శేరిలింగంపల్లి మండలములోని మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కార్యాలయములందు పనిచేయు యువతీయువకులు, తమ బల్ల యంచుననున్న మీటను నొక్కి, కూర్చుండి పనిచేయు ఎత్తునుండి నిలుచుండి పనిచేయు ఎత్తునకు ఆ బల్లను లేపుకొనుట నేడు వింత గాదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కాలమున కార్యాలయపు బల్ల యనగా నాలుగు కాళ్ళపై కదలక నిలుచు బల్లయే. ఈ పావు శతాబ్దములో ఆ కాళ్ళలోనికి మోటారులు ప్రవేశించినవి. అట్టి బల్లలను నిత్యము వాడువారిలో చేతిపని యందు అభిరుచి గలవారు అడుగు ప్రశ్న యొకటి కలదు. "రెండు కంప్యూటర్లను, పుస్తకములను, బల్ల చెక్కను కలిపి ఇంత సునాయాసముగా లేపు సాధనము బజారులో విడిగాను దొరకుచున్నది గదా, దానిని తెచ్చి మా డాబామీది సోలారు పలకకు బిగించితిమి. పలక బరువు పాతిక కిలోలు. కడ్డీకి నూరు కిలోల బలమున్నదని పెట్టెమీద వ్రాసియున్నది. అయినను అది మూలుగుచు ఆగిపోవుచున్నది. ఏమి కారణము?"

కడ్డీలో లోపము లేదు; పెట్టెమీది వ్రాత యబద్ధమును గాదు. లోపము దానిని నిలిపిన వాటములో నున్నది. ఆంగ్లమున లీనియర్ యాక్చుయేటర్ అని పిలువబడు ఈ సాధనమును మనము ఈ అధ్యాయమున 'తోయు కడ్డీ' అనియే వ్యవహరింతము. అది ఎంత బలముగలదో చెప్పు అంకె అమ్మకపు కాగితములపై పెద్ద అక్షరములలో అచ్చగుచున్నది. ఏ కోణమున నిలిపిన ఆ బలము పనికివచ్చునో చెప్పు మాట మాత్రము ఏ మూలనో చిన్న అక్షరములలో నుండును, లేదా అసలే యుండదు. కొనువానికి మొదటి దానికన్న రెండవదియే ఎక్కువ అవసరమని నా నిశ్చితాభిప్రాయము.

కడ్డీ లోపల నేమున్నది

పైకి చూచిన నిది ఒక గొట్టములోనుండి వేరొక గొట్టము చాచుకొని వచ్చు పరికరము మాత్రమే. లోపల నొక చిన్న మోటారు, సాధారణముగా 12 లేక 24 వోల్టులది, వడివడిగా తిరుగుచుండును. దాని వడిని పండ్లచక్రములు తగ్గించి, తగ్గిన వడికి బదులుగా బలమును పెంచి, ఒక పొడవాటి మరకు అందించును. ఆ మరపై నొక నట్టు కూర్చుండియున్నది. మర ఒకచోటనే తిరుగును. నట్టునకు తాను తిరుగు స్వాతంత్ర్యము లేదు గనుక మర వెంబడి ముందునకో వెనుకకో జరుగును. నట్టుతో కలిపిన లోపలి గొట్టము దానితోపాటు వెలికివచ్చును. మర ఒక చుట్టు తిరిగిన నట్టు కదలు దూరము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేతనే అరచేతిలో నిముడు మోటారు మనిషి బరువును మించిన దానిని లేపగలుగుచున్నది.

ఈ మరకు గల సుగుణము మరియొకటి యున్నది. దాని పండ్లు వాలు తక్కువై, రాపిడి ఎక్కువై యుండుటచే, మోటారు ఆగిన పిమ్మట పైనున్న బరువు ఎంత నొక్కినను మర వెనుకకు తిరుగదు. కరెంటు పోయినను లేచిన బల్ల లేచినట్లే నిలుచుటకు హేతువిదియే. గుండ్లపై దొరలు సున్నితమైన మరలలో రాపిడి బహు స్వల్పము గనుక వానికి ఈ గుణము లేదు. వానికి ప్రత్యేకముగా బ్రేకు కావలెను.

ఇక బల్ల కాలును గూర్చి ఒక హెచ్చరిక. బల్ల కాలులో మర చుట్టును ఒకదానిలో నొకటి దూరిన మందపాటి ఉక్కు గొట్టములు గలవు. బల్లకు ఒక యంచున మోచేయి మోపి వంగినపుడు పుట్టు ప్రక్కవాటు ఒత్తిడిని భరించునవి ఆ గొట్టములే. మర కేవలము పైకి తోయుచున్నది. బజారులో విడిగా దొరకు తోయు కడ్డీకి అట్టి కవచము లేదు. అది తన పొడవు వెంబడి తోయుటకును లాగుటకును పుట్టినదే గాని, ప్రక్కనుండి వచ్చు బలమును మోయుటకు పుట్టినది గాదు. దానినే బల్లకు కాలుగా నిలుపగోరుట తగదు.

ఊతకర్ర నేర్పు పాఠము

చందానగరు, లింగంపల్లి బజారులలో ఇప్పటికిని రేకుడబ్బాలలో నడచు చిన్న దుకాణములు గలవు. ప్రాతఃకాలమున దుకాణదారుడు ముందరి రేకు తలుపును పైకెత్తి, నీడకు పందిరివలె నిలిపి, దాని క్రింద ఒక ఊతకర్రను పెట్టును. ఆ కర్రను నిటారుగా పెట్టిన, చేతికి పెద్దగా బరువు తెలియదు; ఎంత గాలి వీచినను తలుపు స్థిరముగా నిలుచును. అదే కర్రను పొట్టిదై పోయినదని వాలుగా, తలుపునకు దగ్గరగా ఆనించిన, అది జారజూచును, వంగజూచును; తలుపు కీలు కిర్రుమని మొరపెట్టును. తలుపు బరువు మారలేదు, కర్ర బలము మారలేదు. మారినది రెంటికి నడుమనున్న కోణము.

తోయు కడ్డీ యనగా తనంతట తాను పొడవు పెరుగు ఊతకర్రయే. దీనిని కొంచెము లెక్కలోనికి దింపి చూతము. ఒక మీటరు పొడవును నలుబది కిలోల బరువును గల మూత నేలకు సమాంతరముగా పండుకొని యున్నదనుకొనుడు. దాని ఒక యంచున కీలున్నది; కీలునుండి 40 సెంటీమీటర్ల దూరమున కడ్డీని తగిలించితిమి. కడ్డీ మూతకు లంబముగా నిలిచిన, లేపుటకు 50 కిలోల తోపు చాలును. మూతకును కడ్డీకిని నడుమ కోణము 30 డిగ్రీలైన 100 కిలోలు కావలెను. 15 డిగ్రీలకు దిగిన 190 దాటును. 10 డిగ్రీలకు దిగిన 290 కిలోలకు చేరువగును. మిగిలిన బలమంతయు నెచ్చటికి పోవుచున్నదని అడుగుదురా? మూత వెంబడి పోయి కీలును గుంజుచున్నది. చివరి లెక్కలో ఆ గుంజుడు 280 కిలోలకు పైబడినది. కడ్డీ కన్న ముందు కీలు బోల్టులు ఊడుటకు కారణ మిదియే. ప్రశ్న వేసిన మిత్రుని సోలారు పలక క్రింద కడ్డీ దాదాపు పలకతోపాటు పండుకొని యున్నదనుట కిక సందేహము లేదు.

మూత లేచుచున్నకొలది కోణము పెరుగును, బరువు యొక్క పట్టును తగ్గును; కావున మొదటి అంగుళమే దుష్కరము, పిదప సులభము. మొదటి అంగుళమునకై లెక్కవేసి కడ్డీని కొనినవాడు సుఖపడును; సగటు లెక్కతో కొనినవాడు మోటారును కాల్చుకొనును.

మంచము క్రింద చోటు లేనిచో

కోణము పెద్దదిగా నుండవలెనన్న క్రింద లోతుగా చోటుండవలెను. ఆస్పత్రి మంచమునకు ఆ సౌకర్యము లేదు. రోగి దిగుటకు ఎక్కుటకు మంచము వీలైనంత క్రిందికి రావలెను. క్రింద చక్రములు, తొట్టెలు, శుభ్రపరచు చీపుళ్ళు మసలవలెను. అందుచే కడ్డీ పరుపునకు సమాంతరముగా, పండుకొనియే యుండవలసివచ్చును. గచ్చిబౌలి చుట్టుప్రక్కల పెద్ద వైద్యాలయములలో రోగి వీపును పైకిలేపు మంచములున్నవి. వీలైనచో ఒకమారు వంగి క్రిందికి చూడుడు. వీపుపలకను లేపు అడ్డుకమ్మినుండి ఒక పొట్టి ఇనుప చేయి క్రిందికి వ్రేలాడుచుండును. పండుకొనియున్న కడ్డీ ఆ చేతి కొనను తోయుచుండును. కడ్డీ అడ్డముగా నున్నను చేయి నిలువుగా నుండుటచే ఆ రెంటి నడుమ కోణము లంబకోణమునకు దగ్గరగా నిలిచినది. అడ్డముగా తోసిన బలము అడ్డుకమ్మి తిరుగుటచే పైకెత్తు బలమైనది. కోణమును సరిదిద్దుట యనగా కడ్డీనే త్రిప్పుట యని అనుకొనరాదు. కడ్డీని కదలనీయక, అది తాకు చేతిని త్రిప్పుటయు సరిదిద్దుటయే. ఈ ఉపాయము నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

అయితే ఆ పొట్టి చేయి పొట్టిదైనందున మూల్యము చెల్లింపక తప్పదు. రోగి నడుముపైభాగపు బరువు ముప్పది నలుబది కిలోలే యైనను, ఇట్టి మంచములకు వాడు కడ్డీలు ఐదారు వందల కిలోల తోపు గలవిగా నుండుట ఇందుచేతనే.

రెండు కొనల సంగతి

తోయు కడ్డీకి వెనుకకొనను ముందుకొనను రంధ్రములున్న చెవులుండును. వానిలో చీలలు దూర్చి పరికరమునకు తగిలింతురు. మూత లేచునపుడు కడ్డీ తానును కొంత వాలును గనుక రెండుకొనలును చీలలపై స్వేచ్ఛగా తిరుగవలెను. ఒక కొనను గట్టిగా బోల్టుతో బిగించి కదలకుండ చేసినవారు కడ్డీని మూత యొక్క దారికి అడ్డముగా కట్టివేసినవారు. మర వంగును, గొట్టపు నోటియొద్ద నున్న మెత్తని వలయము ఒకప్రక్క అరుగును, కొన్ని దినములకు నూనె కారును.

రెండు చీలలును ఒకదానికొకటి సమాంతరముగా నుండవలెననుట అంతకన్న ముఖ్యము. వెనుక చెవి రంధ్రము తూర్పు పడమరలుగా నుండి, ముందు చెవి రంధ్రము ఉత్తర దక్షిణములుగా నున్న, పరికరము కదలిన ప్రతిసారియు కడ్డీ మెలిపడును. అందుకే అనేక కడ్డీలలో వెనుక చెవిని తొంబది తొంబది డిగ్రీల చొప్పున త్రిప్పి అమర్చుకొను వీలుంచిరి. మోటారు ఒకప్రక్కకు ఉబ్బియుండును. అది గోడకో చట్రమునకో తగులకుండ మోటారును కావలసిన ప్రక్కకు త్రిప్పుకొని, చెవిని మాత్రము చీలకు సరిగా నిలుపుకొనుటకే ఈ యేర్పాటు.

ముందుకొన సంగతి కొంచెము సున్నితమైనది. లోపలి గొట్టమును చేతితో త్రిప్పి చెవి రంధ్రమును చీలకు ఎదురుగా తెచ్చుకొనవచ్చును. కాని పావుచుట్టు లోపలనే. ముందుచెవిని పట్టి చుట్లు చుట్లుగా త్రిప్పిన, అనేక రకములలో గొట్టము మరపై జరిగిపోవును. రెండు చివరలను గుర్తించి మోటారును ఆపు లోపలి స్విచ్చులకును బయటి పరికరపు హద్దులకును పొంతన చెడును. అప్పుడు కడ్డీ చివరకు చేరినను స్విచ్చి చేరలేదని తలచి మోటారు ఇంకను తోయుచునేయుండును.

ఇచ్చటనే నిలువు అడ్డముల భేదమును చెప్పుకొందము. కడ్డీని నిలువుగా నిలిపి బరువును లేపినపుడు మోటారు కరెంటును ఎక్కువగా త్రాగును, దింపునపుడు తక్కువగా. పైకి నెమ్మదిగాను క్రిందికి వడిగాను పోవును. అడ్డముగా పెట్టి చక్రములపైనున్న వస్తువును తోసిన, రాకపోకలు దాదాపు సమానము. కావున నిలువు పనికి తగిన విశ్రాంతి నీయవలెను. సాధారణపు బల్లలకు రెండు నిమిషములు నడచిన పదునెనిమిది నిమిషములు ఆగవలెనను నియమము అందరును పాటించునదే.

పొడవాటి కడ్డీని తోపునకు వాడుట కన్న లాగుటకు వాడుట క్షేమకరము. సన్నని బెత్తమును రెండుకొనల నొక్కిన అది విల్లువలె వంగును, లాగిన వంగదు. ఈ వంగుబాటునకు లెక్క కట్టినవాడు 18వ శతాబ్దపు గణితశాస్త్రజ్ఞుడు లియొనార్డ్ ఆయిలరు. 1744లో ప్రచురించిన గ్రంథమున ఆయన తేల్చిన విషయమేమనగా, కడ్డీ పొడవు రెట్టింపైన వంగక భరింపగల తోపు నాలుగవ వంతునకు తగ్గిపోవును. తలుపునకు వెనుక తగిలించి తోయుటకు బదులు ముందు తగిలించి లాగు వీలున్నచోట, నేనైన రెండవ దానినే యెన్నుకొందును.

ఆకసమును చూచు పరికరములు

ప్రశ్నలోని సోలారు పలకకు మరల వత్తము. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరమున 17.4 డిగ్రీల అక్షాంశముపై నున్నది. డిసెంబరు 21 మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తినుండి 41 డిగ్రీలకు దగ్గరగా దక్షిణమునకు వాలియుండును. జూన్ 21న నడినెత్తిని దాటి ఉత్తరమునకు 6 డిగ్రీలు ఒరిగియుండును. నడుమ, మే నెల రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను నీడ కాళ్ళ క్రిందనే యణగిపోవు మధ్యాహ్నము లొక్కొక్కటి వచ్చును. కావున ఋతువులను బట్టి పలకను వాల్చగోరువాడు మొత్తము 47 డిగ్రీల మేర కదలికకు సిద్ధపడవలెను.

ఇచ్చట లంబకోణమును ఏ స్థితిలో నుంచవలెననునది అసలు ప్రశ్న. పలక పూర్తిగా పండుకొన్న స్థితిలో కడ్డీ లంబముగా నుండునట్లు అమర్చిన, చలికాలపు కొసకు చేరునప్పటికి బలములో నాలుగవవంతు వ్యర్థమగును. కదలిక నట్టనడుమ లంబకోణము వచ్చునట్లు అమర్చిన, రెండు కొసలయందును నష్టము పదియవ వంతునకు మించదు. కడ్డీ తానును కొంత ఒరుగును గనుక నిజమైన అంకెలు కొంచెము మారునుగాని, సారము మారదు. పలకను నడిమిన కీలుపై తూచి నిలిపినవారికి బరువు లెక్క దాదాపు లేనేలేదు. వారికి శత్రువు గాలి. గాలి ఒక క్షణము పలకను తోయును, మరుక్షణము లాగును. ఆ కొట్లాటకు చీలలు వదులైన, రంధ్రములు అరిగి కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చును. వానకాలపు పడమటిగాలులు బలముగా వీచునప్పుడు సూర్యుడు నడినెత్తి చేరువ నుండుటచే పలక పండుకొనియే యుండుట మనకు ప్రకృతి చేసిన యుపకారము.

తోయు కడ్డీ మన ఇండ్ల పైకప్పుల కెక్కుట ఇది మొదటిసారి కాదు. 1991లో ఆసియాశాట్ ఉపగ్రహము ద్వారా స్టార్ టీవీ ప్రసారములు మొదలైన పిమ్మట డాబాలపై వెలసిన పెద్ద పళ్ళెపు ఏంటెనాలలో కొన్నింటిని, ఒక ఉపగ్రహమునుండి మరియొక దానికి త్రిప్పుటకు 36 వోల్టుల తోయు కడ్డీలుండెడివి. ఆ ఉపగ్రహము 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నుండుటచే హైదరాబాదు నుండి ఆగ్నేయముగా కనబడెడిది. 83 డిగ్రీలపై నున్న ఇన్సాట్ 2ఇ దాదాపు దక్షిణమున, 68.5 డిగ్రీలపై నున్న పాస్ 4 నైరుతి వైపు ఒరిగి యుండెడివి. మన నగరపు రేఖాంశము 78.4 గనుక రేఖాంశ భేదము తూర్పునకు 27 డిగ్రీలు, పడమరకు పది డిగ్రీలు. తిరుగుడు తూర్పునకే ఎక్కువ యగుటచే, ఆ కొసన కడ్డీ కీలుతో ఒకే గీతలోనికి వచ్చి బలహీనపడకుండ పళ్ళెమునకు ఏ ప్రక్కన బిగించవలెనో ముందే నిర్ణయింపవలసివచ్చెడిది. వేరొక రేఖాంశముపై నున్న నగరపు బొమ్మను చూచి బిగించిన, ఒక ఉపగ్రహము దొరకి వేరొకటి దొరకకపోవుట సహజము.

వానకును ధూళికిని ఎదురుగా

ఆరుబయట నున్న కడ్డీకి కోణము సరిపడినంత మాత్రమున చాలదు. అది తలక్రిందులుగా నున్నదా, తల పైకి నున్నదా యనునది కూడ చూడవలెను. లోపలి గొట్టము వెలికివచ్చు నోటియొద్ద ఒక రబ్బరు వలయముండును. నోరు పైకి యున్న, ఆ వలయము చుట్టును వాననీరు చిన్న మడుగువలె నిలుచును. అంతటితో ఆగిన బాగుండును. మే నెలాఖరు అపరాహ్ణమున ఎండకు కాగి లోపలి గాలి వ్యాకోచించి యున్న కడ్డీపై హఠాత్తుగా గాలివాన విరుచుకుపడిన, లోపలి గాలి చప్పున చల్లబడి కుంచించుకొనును. ఆ ఖాళీని నింపుటకు బయటినుండి గాలిని పీల్చబోయి, వలయము చుట్టునున్న నీటిని పీల్చుకొనును. కడ్డీ ముడుచుకొను ప్రతిసారియు తడి గొట్టము వెంట మరికొంత తేమ లోనికి పోవును. కావున వీలున్నంతవరకు నోరు క్రిందికి నుంచవలెను. అట్లుంచినపుడు మోటారు పైకి వచ్చును. దానికి వచ్చు తీగెను నేరుగా దింపక, ముందు కొంచెము క్రిందికి వ్రేలాడదీసి పిదప పైకి తెచ్చి దూర్చిన, తీగెపై జారు నీరు ఆ వంపు వద్దనే బొట్లుగా రాలిపోవును. నోరు పైకుంచక తప్పనిచోట కుచ్చిళ్ళ తొడుగు వేయవలెను.

పెట్టెమీద ఐపీ 65, ఐపీ 66 అను గుర్తులుండును. మొదటి అంకె ధూళిని, రెండవది నీటిని అడ్డుటను తెలుపును. సామాన్యముగా ఆ పరీక్ష కడ్డీ కదలకుండ నున్నపుడు జరుగునని గుర్తుంచుకొనవలెను. వానలో కదలుచున్న కడ్డీ సంగతి వేరు.

శేరిలింగంపల్లివారికి ధూళి విషయమున ప్రత్యేకపు జాగ్రత్త అవసరము. ఈ ప్రాంతపు నేలలో నున్నది రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు. పునాదులకై దానిని తొలిచిన ప్రతిచోటను లేచు పొడిలో స్ఫటికపు రేణువులుండును. అవి సామాన్యపు ఉక్కు కన్న కఠినములు. కడ్డీకి మెరుపుకోసమని, కిర్రుమనకుండుటకని పైపైన నూనె రాచిన, ఆ నూనెకు ఈ పొడి అంటుకొని గరుకు కాగితమైపోవును. వలయమును రెండు ఋతువులు గడువకముందే గీచి పారవేయును. వెలికివచ్చిన గొట్టమును పొడి గుడ్డతో తుడుచుట మేలు. నూనె అసలే వద్దు.

బిగించు క్రమము

కొత్తగా అమర్చువారు కడ్డీని సగము చాచిన స్థితిలో నుంచి, వెనుక చీలను మాత్రము తగిలించి, ముందుకొనను చేతితో పట్టి పరికరము యొక్క రెండు హద్దులకును తీసికొనిపోయి చూడవలెను. పరికరపు హద్దుకన్న ముందే కడ్డీ లోపలి స్విచ్చి మోటారును ఆపవలెను. రెండు కొసలయందును కొన్ని మిల్లీమీటర్ల వెలితి మిగులవలెను. పిదప ముందు చీలను దూర్చి, మోటారు తీగెలో ఒక ఆమ్మీటరును కలిపి, బరువు లేకుండ ఒకసారి, బరువుతో ఒకసారి నడపవలెను. ఆమ్మీటరు ముల్లు ఎక్కడ ఎక్కువ లేచునో అచ్చటనే కోణము చెడినదని తెలియును.

రాయదుర్గమున 2023 మార్చి 2న ప్రారంభమైన టీ వర్క్స్ నమూనా పరికరముల తయారీకై నెలకొన్నది. అట్టి చోటులలో గాని, ఇంటి వెనుక కొట్టములో గాని, అసలు ఇనుమును కోయుటకు ముందు ప్లైవుడ్ ముక్కతో బ్రాకెట్టును చేసికొని, దానికి ఒకదాని క్రింద నొకటిగా మూడు నాలుగు రంధ్రములు తొలిచి, ప్రతి రంధ్రమునందును చీలను మార్చి ఆమ్మీటరును చదివిన, ముల్లు తక్కువ లేచు రంధ్రము వెంటనే బయటపడును. ఇనుప బ్రాకెట్టులోను ఆ రంధ్రమునకు పైననొకటి, క్రిందనొకటి అదనముగా నుంచుట మంచిది. ముందుముందు పలకను మార్చినను, దానిపై బరువు పెరిగినను, కడ్డీని మార్చకయే చీలను ఒక రంధ్రము జరుపుకొనవచ్చును.